మన ఊళ్లో చుక్క పడలేదు, మరి వాగు ఎందుకు పొంగింది?



"ఇక్కడ వానే లేదు కదండీ, బస్సు రాదని మెసేజ్ పెట్టారేంటి?" వర్షాకాలంలో మన ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జికి వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. అడగడంలో తప్పేమీ లేదు. బయట ఎండ కాస్తోంది. ఊళ్లో రోడ్డు పొడిగా ఉంది. బాబు టై కట్టుకుని, లంచ్ బాక్స్ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నెలనెలా డబ్బు కడుతున్న బస్సేమో దారిలో వాగు ఉందంటూ రావడం లేదు. ఎవరికైనా చిరాకు వస్తుంది.

ఈ ప్రశ్నకు ఫోన్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం కష్టం. నేను 8, 9 తరగతులకు ఫిజిక్స్ చెబుతాను. కాబట్టి ఆ జవాబేదో కాస్త వివరంగా రాయమని ఈసారి నాకు అప్పగించారు. మన బ్రాంచీల్లో చాలావాటికి చుట్టుపక్కల పల్లెల నుంచే ఎక్కువ మంది పిల్లలు వస్తారు. వాళ్ల దారుల్లో ఎక్కడో ఒకచోట వాగో, ఒర్రెనో, వంకో, రైల్వే అండర్ బ్రిడ్జో తప్పకుండా ఉంటుంది. టౌన్‌లో ఉండే పేరెంట్స్ కూడా చదవాలని కోరుతున్నాను. దసరా సెలవులకు పిల్లలు వెళ్లేది అమ్మమ్మగారి ఊరికే కదా.

ఒక్క రాత్రిలో 65 సెంటీమీటర్లు

ముందు ఒక అంకె చెబుతాను. 2023 జులై 27 ఉదయం 8.30 గంటలతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వాన పడింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు ఎప్పుడూ నమోదు కాలేదు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కురిసే వానలో ముప్పాతిక వంతుకు పైగా అక్కడ ఒక్క రోజులో కురిసిందన్నమాట. అదే రోజు పక్కనున్న జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మి.మీ. పడింది.

ఆ రాత్రి మోరంచవాగు పొంగి, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి అనే ఊరిని తెల్లవారేలోపు ముంచేసింది. జనం డాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కారు. హెలికాప్టర్లు వచ్చి తీసుకెళ్లాల్సి వచ్చింది. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఊరివాళ్లకు వాగు కొత్త కాదు, వాన కొత్త కాదు. కొత్తగా ఉన్నది వేగం. పడుకునేటప్పుడు మామూలుగా ఉన్న వాగు, లేచేసరికి ఇంట్లో ఉంది.

గోదావరి, కృష్ణల్లో వచ్చే వరద వేరు, ఇది వేరు. పెద్ద నదిలో నీరు భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులకు చేరుతుందో ఒకరోజు ముందే అంచనా చెబుతారు. మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అని వరుసగా ప్రకటిస్తారు. సామాన్లు సర్దుకునే టైమ్ ఉంటుంది. వాగుకు అలాంటి మర్యాదలేమీ లేవు. గట్టి వాన పడిన ఆరు గంటలలోపే వచ్చే వరదను వాతావరణ శాస్త్రంలో ఆకస్మిక వరద అంటారు. చిన్న వాగుల్లో ఆరు గంటలు కూడా పట్టదు. ఒకటి రెండు గంటలు చాలు.

పైన కురిసింది, కింద పొంగింది

వేసవి చివర్లోనూ, సెప్టెంబరు-అక్టోబరుల్లోనూ మధ్యాహ్నం దాకా ఉక్కపోసి, సాయంత్రం ఉరుములు మెరుపులతో దంచికొట్టే వానలు మనకు తెలిసినవే. పగలంతా నేల వేడెక్కుతుంది. ఆ వేడికి తేమతో నిండిన గాలి పైకి లేచి, కాలీఫ్లవర్ పువ్వులాంటి పెద్ద మేఘంగా మారుతుంది. వీటిని క్యుములోనింబస్ మేఘాలు అంటారు. అడుగు భాగం నేలకు కిలోమీటరు ఎత్తులోనే ఉన్నా, తల 12 నుంచి 15 కిలోమీటర్ల పైకి పోతుంది. ఇలాంటి మేఘం ఒక్కటే అయితే గంటలోపే కురిసి ఖాళీ అవుతుంది. ఒకదాని వెనుక ఒకటి, రైలు బోగీల్లా, ఒకే చోటి మీదుగా వరుసగా వెళ్తే మాత్రం ఇబ్బంది. అల్పపీడనం ఉన్న రోజుల్లో ఇదే జరుగుతుంది. ఇంకో సంగతి. మామూలు రోజుల్లో ఇవి కురిసేది ఎక్కువగా మధ్యాహ్నం మూడు దాటాక. అంటే మన లాంగ్ బెల్ కొట్టి, బస్సులు బయల్దేరే టైమ్‌కి.

ఇలాంటి మేఘం వెడల్పు సాధారణంగా పది కిలోమీటర్ల లోపే ఉంటుంది. అందుకే ఒక ఊళ్లో కుండపోత, పక్క ఊళ్లో ఎండ. మనం మన డాబా మీద పడిన వానను చూస్తాం. వాగు అలా చూడదు. తనకు ఎగువన ఉన్న గుట్టలు, పొలాలు, చెరువుల మీద ఎక్కడ పడినా లెక్కలోకి తీసుకుంటుంది. ఆ మొత్తం ప్రాంతాన్నే పరీవాహక ప్రాంతం అంటాం. పదో తరగతి సోషల్‌లో ఈ మాట వస్తుంది, పిల్లల్ని అడిగి చూడండి.

క్లాసులో చేయించే ఒక లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఒక చదరపు కిలోమీటరులో 1 మి.మీ. వాన పడితే ఎన్ని నీళ్లు? 10 లక్షల లీటర్లు. మనం ఎండాకాలంలో తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకర్లతో చెప్పాలంటే 200 ట్యాంకర్లు. ఇప్పుడు మీ ఊరికి ఎగువన 20 చదరపు కిలోమీటర్లలో 100 మి.మీ. వాన పడిందనుకోండి. 4 లక్షల ట్యాంకర్లు. సగం నేలలో ఇంకిందనే అనుకుందాం. మిగిలిన 2 లక్షల ట్యాంకర్లు మూడు గంటల్లో మీ వాగులోంచి పోవాలంటే, సెకనుకు 18 ట్యాంకర్లు పోవాలి. ఆ వాగు మీద ఉన్నది నాలుగు తూములు వేసి పైన సిమెంటు పోసిన లోలెవల్ బ్రిడ్జి. అది ఆ నీటిని ఎలా పంపగలదు? నీళ్లు పైనుంచే పోతాయి.

సగం ఇంకుతుందన్నది కూడా మంచి రోజుల లెక్కే. నాలుగు రోజులుగా ముసురు పట్టి నేల నాని ఉంటే, ఇంకేది చాలా తక్కువ. నల్లరేగడి ఒకసారి తడిసి ఉబ్బితే నీళ్లను దిగనివ్వదు. రాతి గుట్టల మీద పడింది పడినట్టే జారిపోతుంది. జూన్‌లో 80 మి.మీ. వానకు పలకని వాగు, సెప్టెంబరులో అదే వానకు రోడ్డెక్కడం అందుకే.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన విషయం ఇంకొకటి ఉంది. గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలం నుంచి మన పెద్దలు పై చెరువు నిండితే అలుగు పోసి కింది చెరువుకు, అది నిండితే దాని కింది చెరువుకు నీళ్లు చేరేలా కట్టారు. లక్ష్మీదేవిపేట ఉన్న వెంకటాపూర్ మండలంలోనే రామప్ప చెరువు ఉంది. కరువు ప్రాంతంలో ఇంత తెలివైన ఏర్పాటు మరొకటి ఉండదని నా అభిప్రాయం. అయితే ఆ గొలుసులో పైన ఒక కట్టకు గండి పడితే, దాని నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. అది అప్పటికే మత్తడి దూకుతుంటే ఆ కట్ట కూడా నిలవకపోవచ్చు. అప్పుడు వాగులో నీరు మెల్లగా పెరగదు, గోడలా వస్తుంది. వాన ఆగిపోయాక, ఎండ కూడా వచ్చాక ఇది జరగవచ్చు.

పెద్ద ప్రాజెక్టుల దగ్గర కూడా ఇలా జరిగింది. 2021 నవంబరులో అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరులో ఎగువనున్న పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీరూ వచ్చి కలవడంతో 19వ తేదీ తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు మునిగాయి. ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకున్నాయి. ప్రయాణికులు బస్సుల పైకెక్కి కూర్చున్న వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు.

"రెడ్ అలర్ట్ అన్నారు, చుక్క పడలేదు"

వాతావరణ శాఖ మీద జోకులు స్టాఫ్ రూమ్‌లో కూడా నడుస్తుంటాయి. కానీ అలర్టులు జిల్లా మొత్తానికి ఇస్తారని గుర్తుపెట్టుకోవాలి. జిల్లా అంటే ఒక చివర నుంచి ఇంకో చివరకు 60, 80 కిలోమీటర్లు ఉంటుంది. మేఘం వెడల్పు చూస్తే పది కిలోమీటర్లు. ఏ మండలంలో ఏ గంటకు పడుతుందో ముందురోజే చెప్పడం ఇప్పటి సైన్సుకు సాధ్యం కాదు. మన మండలంలో పడకపోతే అలర్టు తప్పని అనుకుంటాం. పక్క మండలంలో చెరువు తెగి ఉంటుంది.

ఆ రంగుల అర్థం కూడా చెప్పేస్తాను. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. రెడ్ అంటే ఇక జాగ్రత్త చర్యలు మొదలుపెట్టండి. అంకెల్లో చూస్తే 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం అంటారు. లక్ష్మీదేవిపేటలో పడింది ఈ చివరి హద్దుకు మూడు రెట్లకు పైనే.

ముందురోజు అలర్టు కన్నా ప్రయాణానికి ఎక్కువ పనికొచ్చేది నౌకాస్ట్. రాడార్‌లో మేఘాలను చూసి వచ్చే రెండు మూడు గంటలకు ఇచ్చే సూచన అది. వాతావరణ శాఖ వారి మౌసమ్ యాప్‌లో దొరుకుతుంది. పిడుగుల కోసం దామిని యాప్ ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్ అన్ని రకాల హెచ్చరికలనూ ఒకేచోట చూపిస్తుంది. ఇవేవీ లేకపోయినా ఒక పాత పద్ధతి ఉంది. వాగు ఏ దిక్కు నుంచి వస్తుందో ఆ దిక్కున మెరుపులు కనబడుతుంటే, మన దగ్గర చుక్క పడకపోయినా, ఆ సాయంత్రం వాగు దాటే పని పెట్టుకోకూడదు. పొలం పనులు చేసే మన తాతలకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. తేటగా పారే నీరు ఉన్నట్టుండి ఎర్రబడటం, చెత్తాచెదారం, కొమ్మలు కొట్టుకురావడం, ఎగువ నుంచి హోరు వినబడటం కూడా గుర్తులే. అవి కనబడ్డాక మిగిలేది నిమిషాలే.

అడుగు లోతులో కారు ఎలా తేలుతుంది?

"మోకాలి లోతు కూడా లేదు, పోవచ్చు" అనే మాట దగ్గరే చాలా ప్రమాదాలు మొదలవుతాయి. కాబట్టి ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి.

తొమ్మిదో తరగతిలో ఆర్కిమెడిస్ సూత్రం చెబుతాం. నీటిలో మునిగిన వస్తువును, అది పక్కకు నెట్టిన నీటి బరువంత బలంతో నీరు పైకి తోస్తుంది. ఒక చిన్న కారు తీసుకుందాం. పొడవు 3.7 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్లు, బరువు దాదాపు 900 కిలోలు. నేలకు, కారు అడుగుకు మధ్య ఖాళీ 17 సెం.మీ. నీళ్లు ఆ 17 సెం.మీ. దాటాక, పెరిగే ప్రతి సెంటీమీటరుకూ కారు దాదాపు 60 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. అంటే సెంటీమీటరుకు 60 కిలోల చొప్పున తేలికవుతుంది. ఇంకో 15 సెం.మీ. పెరిగితే 15 అరవైలు 900. కారు బరువు మొత్తం పోయింది. మొత్తం లోతు 32 సెం.మీ., ఒక అడుగు కంటే కాస్త ఎక్కువ. డోర్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి రావడానికి కొంత సమయం పడుతుంది. ఈలోపు కారు పడవే. స్టీరింగ్ లేని పడవ.

పూర్తిగా తేలే దాకా కూడా ఆగనక్కరలేదు. సగం బరువు తగ్గేసరికే టైర్లకు రోడ్డు మీద పట్టు పోతుంది. పక్కనుంచి పారే నీరు మెల్లగా జరిపి లోలెవల్ బ్రిడ్జి అంచు దాటిస్తుంది. ఆ తోపు కూడా నీటి వేగంతో సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. బండి మీదైతే ఇంకా తక్కువ లోతు చాలు. అమెరికా వాతావరణ శాఖ దశాబ్దాలుగా చెబుతున్న అంకెలు ఇవి: వేగంగా పారే నీరు ఆరు అంగుళాలుంటే పెద్దమనిషిని పడగొట్టగలదు, ఒక అడుగుంటే చిన్న కార్లను, రెండు అడుగులుంటే చాలా వాహనాలను తీసుకుపోగలదు.

పిల్లల సంగతికి వస్తే, ఆస్ట్రేలియా ఇంజినీర్లు ఒక చిన్న లెక్క వాడతారు. నీటి లోతును మీటర్లలోనూ, వేగాన్ని సెకనుకు మీటర్లలోనూ తీసుకుని గుణిస్తారు. జవాబు 0.4 దాటితే పిల్లలు నిలబడలేరు. 30 సెం.మీ. లోతు నీళ్లు మనం చకచకా నడిచే వేగంతో పారితే ఆ హద్దుకు చేరినట్టే. "చెయ్యి పట్టుకుని దాటిస్తాను" అనే నాన్నలకు ఈ ఒక్క వాక్యం చూపించాలి.

ఇంకా లెక్కకు రానిది ఒకటుంది, అదే అన్నిటికన్నా చెడ్డది. బురద నీటి కింద రోడ్డు ఉందో లేదో తెలియదు. నీరు కిందివైపు అంచును కోసుకుంటూ వస్తుంది. పొద్దున మీరు వెళ్లిన రోడ్డు సాయంత్రానికి సగమే మిగిలి ఉండవచ్చు. రాత్రయితే నీళ్లున్నాయన్న సంగతే దగ్గరికి వచ్చేదాకా కనబడదు. 2021 ఆగస్టు చివర్లో వికారాబాద్ జిల్లాలో కొత్తగా పెళ్లైన జంట, బంధువులు వెళ్తున్న కారు రాత్రివేళ తిమ్మాపూర్ వాగులో కొట్టుకుపోయింది. పెళ్లికూతురితో సహా కొందరు చనిపోయారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలో ఆకేరు వాగు రోడ్డెక్కినప్పుడు ఒక కారులోని తండ్రి, కూతురు ఇద్దరూ పోయారు. ఆ ఆకేరే కిందికి వెళ్లి మున్నేరులో కలుస్తుంది. అదే రోజు ఖమ్మంలో మున్నేరు ఒడ్డున కాలనీలకు కాలనీలే మునిగాయి. ఖమ్మంలో మునిగిన ఇళ్లలోకి వచ్చిన నీటిలో మహబూబాబాద్ వానా ఉంది.

మన బస్సు పెద్దది కదా?

నిజమే, బస్సు అడుగు భాగం ఎత్తులో ఉంటుంది, బరువూ ఎక్కువ, కారులా అడుగు నీటికే తేలదు. అయితే దాని పక్కభాగం తొమ్మిది పది మీటర్ల పొడవుంటుంది. నీరు నెట్టడానికి అంత గోడ దొరుకుతుంది. ఇంజన్‌లోకి నీళ్లు పోయి మధ్యలో ఆగితే ఇక కదలదు. లోపల యాభై మంది, అందులో ఎల్‌కేజీ పిల్లలు కూడా. వాళ్లందరినీ ఒక్క ఆయమ్మ, ఒక్క డ్రైవర్ ఎలా దించగలరు?

2022 జులై 8న మహబూబ్‌నగర్ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్ బస్సు ఇలాగే రైల్వే అండర్ బ్రిడ్జి కింద వాన నీటిలో చిక్కుకుంది. బస్సులో ఇరవై మందికి పైగా పిల్లలున్నారు. సీట్ల దాకా నీళ్లొచ్చాయి. చుట్టుపక్కల ఊరివాళ్లు చూసి, పరుగెత్తుకొచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎత్తుకుని బయటికి తెచ్చారు. అందరూ క్షేమంగా బయటపడ్డారు. ఊరివాళ్లు ఆ సమయానికి అక్కడ లేకపోతే అన్న ఆలోచన అది చదివిన ఏ టీచర్‌నైనా నిద్రపోనివ్వదు. అండర్ బ్రిడ్జి అంటే రెండు వైపుల నుంచీ రోడ్డు దిగే గిన్నె లాంటిది. వాగు లేకపోయినా, రోడ్డు మీద వాన నీరే చాలు, నిమిషాల్లో నిండుతుంది.

అందుకే నీళ్లు రోడ్డు మీదుగా పారుతుంటే, అవి ఎంత తక్కువగా కనబడినా, బస్సు దాటకూడదన్నది నియమం. ఇక్కడ తల్లిదండ్రులకు నా ప్రత్యేక విన్నపం. దయచేసి డ్రైవర్‌కు నేరుగా ఫోన్ చేసి "ఏం కాదన్నా, మొన్న కూడా వచ్చావు కదా" అని ఒత్తిడి చేయకండి. ఆయన రోజూ మిమ్మల్ని చూసే మనిషి, మీరు పెద్దమనుషులు, మొహమాటానికి ఒప్పుకునే ప్రమాదముంది. "ఈ వాగు లోతు నాకు తెలుసు" అనే అనుభవజ్ఞుడైన డ్రైవర్ కన్నా, నీళ్లు చూసి భయపడి వెనక్కి తిప్పే డ్రైవరే మన పిల్లలకు మంచివాడు. అలా తిప్పినందుకు ఆయన్ని ఎవరైనా మెచ్చుకుంటే ఇంకా మంచిది. ఎందుకోగానీ ఆ ఫోన్ మాత్రం ఎవరూ చేయరు.

బస్సు రాలేదని కొందరు పిల్లల్ని బండి మీద వెనక కూర్చోబెట్టుకుని అదే వాగు దాటించి తీసుకొస్తున్నారు. యూనిట్ టెస్ట్ ఉందనో, అటెండెన్స్ తగ్గుతుందనో. క్లాస్ టీచర్‌కు ఒక మెసేజ్ పెట్టండి, చాలు. రాయని టెస్ట్ తర్వాత రాయిస్తాం. ఇది ఏ క్లాసుకైనా వర్తిస్తుంది, టెన్త్‌కు కూడా.

సెలవుల్లో, పిక్నిక్‌లలో

టౌన్ పిల్లలకు వాగు అంటే ఇన్‌స్టా రీల్. పల్లె పిల్లలకు చేపలు. అలుగు పోసే చోట చేపలు ఎదురెక్కుతాయని వల పట్టుకుని నీళ్లలో నిలబడటం మన ఊళ్లలో సరదా. నాకూ తెలుసు, ఆ చేపల రుచి వేరు. కానీ అలుగు రాళ్లు పాచి పట్టి జారుతాయి, కింద నీరు సుడి తిరుగుతుంది. ఈత వచ్చినా ఆ సుడిలో పనికిరాదు.

జలపాతాలకు వెళ్లేవాళ్లు ఒక విషయం గమనించాలి. లోపలికి వెళ్లే దారిలో చిన్న వాగు దాటి వెళ్లారంటే, తిరిగొచ్చేటప్పుడు కూడా దాన్నే దాటాలి. 2023 జులై 26న, అంటే పైన చెప్పిన మహావాన మొదలైన రోజే, ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతానికి వెళ్లిన ఎనభై మంది దాకా పర్యాటకులు ఇలాగే చిక్కుకుపోయారు. పొద్దున దాటిన వాగు సాయంత్రానికి పొంగింది. చేసిన మంచి పని ఏమిటంటే, సహాయక బృందాలు వచ్చేదాకా వాళ్లు అడవిలోనే ఎత్తైన చోట ఆగారు. రాత్రంతా వానలో తడిశారు, కానీ అందరూ ఇళ్లకు చేరారు.

నీళ్లు కాస్త తగ్గగానే దాటేద్దామనిపిస్తుంది. గొలుసుకట్టు చెరువుల సంగతి చెప్పుకున్నాం కదా, ఒక ఉధృతి పోయాక గంటకో రెండు గంటలకో ఇంకోటి రావచ్చు. నీరు పూర్తిగా రోడ్డు దిగి, రోడ్డు కళ్లకు కనబడి, పోలీసులో పంచాయతీవాళ్లో వెళ్లమన్నాకే వెళ్లాలి. ఒకవేళ కారు నీళ్లలో ఆగిపోయిందనుకోండి. మళ్లీ స్టార్ట్ చేయాలని చూస్తూ కూర్చోకూడదు. బెల్టులు తీసేసి, అద్దాలు పనిచేస్తుండగానే దించి, ముందు పిల్లల్ని బయటికి పంపాలి. బయట నీరు డోర్‌ను ఒత్తి పట్టుకుంటుంది కాబట్టి ఆలస్యమైతే డోర్ తెరుచుకోదు. నీళ్లు ఇంకా తక్కువగా, నెమ్మదిగా ఉంటే వచ్చిన వైపే వెనక్కి నడవాలి. అప్పటికే ఉధృతి పెరిగిపోతే కారు పైకెక్కి 112కి ఫోన్ చేయాలి. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, అంబులెన్స్ 108. ఈ మూడు నంబర్లు పిల్లలకు నోటికి రావాలి. ఎక్కాల కన్నా తేలికే.

ఇంట్లో ఒక సాయంత్రం చేసే పని

ఒక కాగితం మీద ఇంటి నుంచి స్కూల్‌కు వచ్చే దారిని మీ పిల్లలతోనే గీయించండి. దారిలో వాగులు, కల్వర్టులు, అండర్ బ్రిడ్జిలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించండి. ఆ వాగు ఏ గుట్టల నుంచి, ఏ చెరువు కింది నుంచి వస్తుందో తాతయ్యనో నానమ్మనో అడగమనండి. గూగుల్ మ్యాప్స్ కన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. ఏ ఏడాది నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో కూడా చెబుతారు. మా ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది ప్రాజెక్ట్‌గా ఇచ్చాను. ఒక అమ్మాయి తన బస్సు దారిలో ఏడు కల్వర్టులు లెక్కపెట్టుకొచ్చింది. వాళ్ల నాన్నగారు మూడే ఉన్నాయని అనుకున్నారట.

సాయంత్రం పిల్లలు స్కూల్‌లో ఉండగానే దారి మూసుకుపోతే ఎలా అన్నది ముందే మాట్లాడుకోవాలి. టౌన్‌లో పిన్నిగారిల్లో, బాబాయిగారిల్లో ఉంటే ఆ రాత్రికి అక్కడే ఉంచడం అన్నిటికన్నా సులువు. ఎవరూ లేని పిల్లలు మీరు వచ్చేదాకా స్కూల్‌లోనే టీచర్లతో ఉంటారు. ఆ పరిస్థితిలో గాభరా పడి వాగు దాటుకుంటూ మీరు బయల్దేరకండి. పిల్లలు పొడిగా, నాలుగు గోడల మధ్య ఉన్నారు. ప్రమాదం దారిలో ఉంది.

ఈ వారం డైరీలో ఒక ఫారం పంపుతున్నాం. అందులో రెండు గడులు కొత్తవి: మీ దారిలో నీళ్లు రోడ్డెక్కే చోట్లు, వర్షం వల్ల బస్సు కదలని రోజు మీ పిల్లల్ని ఎవరింటికి పంపవచ్చో వాళ్ల పేరు, ఫోన్ నంబరు. ఆ బంధువులను ముందే అడిగి, వాళ్ల ఒప్పుకోలుతోనే రాయండి. మొదటి గడిని మాత్రం అందరూ నింపండి, టౌన్‌లో ఉన్నవాళ్లు కూడా. మీ కాలనీ దగ్గరి అండర్ బ్రిడ్జి సంగతి మీకు తెలిసినంతగా మాకు తెలియదు. నింపిన ఫారాలను క్లాస్ టీచర్ల దగ్గర తీసుకుని, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి రూట్‌ల వారీగా బస్సుల్లో అతికిస్తారు.